చిన్నపిల్లల చెవి కారుట, ఒళ్ళు చేయుట – మనము తెలుసుకోవలసిన సంగతులు

ఈ నెల గోడపత్రికకు సైన్సు వ్యాసము రాయమని మా బయాలజీ టీచరు గారు నాకు చెప్పారు. మొదట నేను "వర్షము ఎలా పడును" అని రాద్దామనుకున్నాను. అది పోయిన సంవత్సరం ఒక అక్క రాసేసింది. అందుకని మా ఇంట్లో సంక్రాంతి సెలవుల్లో జరిగినదే పాఠముగా రాస్తున్నాను. కాస్త పొడుగైంది. చార్టులు రెండు అంటించాను, అక్షరాలు చిన్నవయ్యాయి, వెలుతురులో నిలబడి చదవండి.

మాకు ఇద్దరు తమ్ముళ్ళున్నారు. ఒకడు సొంత తమ్ముడు, ఆరేళ్ళు, ఒకటో తరగతి. రెండోవాడు మా పిన్ని కొడుకు, నాలుగేళ్ళు. మా బాబాయికి నర్సీపట్నంలో పని, వాళ్ళు అక్కడే ఉంటారు. సొంత తమ్ముడికి రెండేళ్ళు నిండకముందు నుంచి ఎడమ చెవి కారుతుంది. వానాకాలం ఎక్కువ, ఎండాకాలం తక్కువ. మేము దానిని రోగము అనుకోలేదు. జలుబులాగా అదొకటి అనుకున్నాము. మా ఊళ్ళో చెవి కారని పిల్లలు ఎంతమందని? మా నాయనమ్మ అయితే "సీము పోతే మంచిదేనే, లోపలి సెడు బయటికొచ్చేస్తాది" అనేది. పిన్ని కొడుకు మాత్రం బూరెలాగా బుగ్గలతో ఉంటాడు. వాడొస్తే ఊరంతా ఎత్తుకుంటారు. "బిడ్డ అంటే ఇలాగుండాల" అని మా అమ్మ మా తమ్ముణ్ణి చూసి బాధపడేది.

కనుమ రాత్రి పిన్ని కొడుకు ఏడుపు మొదలుపెట్టాడు. నాలుగు రోజుల నుంచి వాడికి జలుబుంది. ఒళ్ళు కాలుతోంది. పడుకోబెడితే ఇంకా ఏడుపు, ఎత్తుకుంటే కొంచెం నయం. కుడి చెవి పట్టుకుని లాగుతున్నాడు. నాయనమ్మ నూనె గోరువెచ్చగా చేసి, వెల్లుల్లి రెబ్బ వేసి, చెవిలో పోసింది. టార్చి పట్టుకున్నది నేనే. తొమ్మిదో తరగతి చదువుతున్నాను, చెవి బొమ్మ గీసి భాగములు గుర్తించి పదికి పది తెచ్చుకున్నాను, అయినా టార్చి పట్టుకున్నాను. తెల్లవారుఝామున వాడి ఏడుపు ఆగింది. తలగడ మీద పసుపుగా తడి మరక. ఇంట్లో అందరూ సంతోషించారు, నూనె పని చేసిందని.

ఆ వారమే టీకాల రోజు వచ్చింది. నర్సమ్మ అంగన్‌వాడీకి వచ్చింది. పిన్ని ఈ మాట గొప్పగా చెబితే నర్సమ్మ నవ్వలేదు. "నెప్పి నూనె వల్ల తగ్గలేదమ్మా. లోపల పొర చినిగి చీము బయటకొచ్చింది. అందుకే తగ్గింది" అన్నది. నాకు అప్పుడు బొమ్మ గుర్తొచ్చింది. పక్కన వేశాను చూడండి.

బొమ్మలో మొదట కనబడే డొప్పలాంటిది వెలుపలి చెవి. అందులోంచి సన్నని దారి లోపలికి పోతుంది. ఆ దారి చివర పలుచని పొర ఉంటుంది. అదే కర్ణభేరి. డప్పుకు తోలు బిగించినట్టు ఉంటుంది. దాని వెడల్పు ఇంచుమించు ఒక సెంటీమీటరు మాత్రమే. దాని వెనక చిన్న గది వంటిది మధ్యచెవి. అందులో మూడు బుల్లి ఎముకలు ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. ఒకటి సుత్తిలాగా, ఒకటి కమ్మరి దాగలిలాగా, ఒకటి గుర్రపు రికాబులాగా. మన ఒంట్లో అన్నిటికన్నా చిన్న ఎముక ఆ రికాబే. శబ్దము తగిలితే డప్పు అదురుతుంది, ఆ అదురును ఈ ఎముకలు లోపలి చెవికి అందిస్తాయి. ఇంతవరకు మన పుస్తకములో ఉన్నదే.

పుస్తకములో ఒక్క వాక్యముతో వదిలేసినది ఒకటుంది, అదే ఇక్కడ ముఖ్యము. మధ్యచెవి నుంచి ముక్కు వెనక భాగానికి ఒక సన్నని గొట్టము ఉంటుంది. దాని పేరు యూస్టేషియన్ నాళము. మధ్యచెవిలోకి గాలి పోవడానికి, అక్కడ చేరిన తడి దిగిపోవడానికి అదే దారి. ఘాటు రోడ్డు ఎక్కుతుంటే చెవులు మూసుకుపోయి, ఉమ్ము మింగగానే "టప్" మని తెరుచుకుంటాయి కదా. అప్పుడు తెరుచుకునేది ఈ గొట్టమే. పెద్దవాళ్ళలో అది వాలుగా కిందికి ఉంటుంది. పసిపిల్లల్లో పొట్టిగా, ఇంచుమించు అడ్డంగా ఉంటుంది. వాలు లేని కాలువలో నీళ్ళు నిలబడవా? అలాగే. జలుబు చేస్తే ఆ గొట్టము వాచి మూసుకుంటుంది. లోపల తడి నిలుస్తుంది. ముక్కులోని క్రిములు అందులో పెరుగుతాయి. చీము పడుతుంది. చీము ఎక్కువై డప్పును లోపలి నుంచి బయటకు నెట్టుతుంది. అదే నెప్పి. పడుకుంటే ఒత్తిడి పెరుగుతుంది గనుక రాత్రిపూట ఏడుపు ఎక్కువ. చివరకు డప్పు పగిలి చీము కారిపోతుంది, నెప్పి పోతుంది, బిడ్డ నిద్రపోతాడు. మనము రోగము పోయిందనుకుంటాము. ఆ చిరుగు చాలామంది పిల్లల్లో తనంతట తానే అతుక్కుంటుంది. కాని మళ్ళీ మళ్ళీ వస్తుంటే, లేక సరిగా వైద్యము లేకపోతే, రంధ్రము అలాగే ఉండిపోతుంది. మా సొంత తమ్ముడికి జరిగినది అదే. పగిలిన డప్పు ఎలా మోగుతుంది?

నర్సమ్మ ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నది. మా అమ్మ "ఈడిదెప్పుడూ ఉన్నదే కదా, ఎందుకు" అన్నది. నర్సమ్మ "ఎప్పటి నుంచో ఉన్నదే కాబట్టి ముందు వీణ్ణి చూపించాలి" అన్నది. ఈ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. వాళ్ళ పుస్తకములో లెక్క ఇలా ఉంటుందట. చీము కారడము 14 రోజుల లోపల అయితే అది కొత్త చెవి జబ్బు. 14 రోజులు, అంతకంటే ఎక్కువ అయితే పాత జబ్బు. రెండింటికీ మందు ఒకటి కాదు. చెవి వెనక ఎముక మీద వాచి, ముట్టుకుంటే బిడ్డ అరిస్తే మాత్రం అది పెద్ద ప్రమాదము. చీము ఎముకలోకి పోయిందన్నమాట. పక్కనే మెదడు ఉంది. అప్పుడు సంత రోజు వరకు ఆగకూడదు, జీపు కోసము చూడకూడదు, దొరికినదానిలో వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. మూతి ఒక పక్కకు పోయినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా, మెడ బిగిసినా, ఫిట్సు వచ్చినా అంతే.

మాటలు రాని బిడ్డకు చెవి నెప్పి అని ఎలా తెలుసుకోవాలి? జ్వరము, రాత్రిపూట ఆగని ఏడుపు, చెవి లాగుకోవడము, పాలు తాగబోయి ఏడ్చి వదిలేయడము చూడాలి. మింగినప్పుడు ఆ గొట్టము కదిలి నెప్పి పుడుతుంది గనుక పాలు వదిలేస్తారు. చెవి లాగినంత మాత్రాన జబ్బు కాదు, కొందరు పిల్లలకు నిద్రొచ్చినా లాగుతారు. అసలు సంగతి తెలియాలంటే డాక్టరు గారు లైటున్న చిన్న గొట్టముతో లోపలికి చూడాలి. దాన్ని ఆటోస్కోపు అంటారు. మంచి డప్పు ముత్యపు చిప్ప రంగులో మెరుస్తుందట. జబ్బు చేసినది ఎర్రగా ఉబ్బి ఉంటుందట. డాక్టరమ్మ గారు నన్ను కూడా ఒకసారి చూడనిచ్చారు, మా తమ్ముడి కుడి చెవిలో. చీకటి దారి చివర చిన్న మెరుపు. అటువంటి వస్తువు అంత చిన్న తలలో ఉందని నేను నమ్మలేకపోయాను. ఎడమ చెవిలో మెరుపు లేదు. నడుమ నల్లని రంధ్రము.

మందు రాయకముందు బిడ్డ బరువు చూస్తారు. చిన్నపిల్లలకు మందు కిలోకు ఇంత అని లెక్క. అందుకే ఒక బిడ్డకిచ్చిన సిరప్పు మిగిలితే ఇంకొక బిడ్డకు పోయకూడదు. బరువు చూస్తే మా సొంత తమ్ముడు ఆరేళ్ళకు 15 కిలోలు. పిన్ని కొడుకు నాలుగేళ్ళకు 22 కిలోలు. వరసలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. మా అమ్మ తల వంచుకుంది. డాక్టరమ్మ గారు మాత్రము ఇద్దరినీ గోడకు నిలబెట్టి పొడవు కూడా కొలిచారు. పిన్ని కొడుకు సరిగ్గా 100 సెంటీమీటర్లు. ఆ పొడవున్న మగబిడ్డకు మధ్యస్థముగా పదిహేను కిలోల పైచిలుకు ఉండాలి. "ఈ బాబుకు కూడా ఒక జబ్బుందమ్మా, చెవి కాకుండా" అన్నారు. పిన్నికి కోపమొచ్చింది. "నా బిడ్డకు దిష్టి పెట్టకండి మేడమ్" అన్నది.

దాని సంగతి తరువాత చెబుతాను. ముందు చెవి పూర్తి చేస్తాను.

పిన్ని కొడుకుది కొత్త జబ్బు. నెప్పికి, జ్వరానికి పారాసిటమాల్, క్రిములకు అమాక్సిసిలిన్ సిరప్పు ఐదు రోజులకు రాశారు. రెండు రోజులకే బాగైనట్టు కనబడుతుంది, అయినా సీసా ఆపకూడదు అన్నారు. ప్రతి చెవి నెప్పికీ ఈ మందు అక్కరలేదు. రెండేళ్ళు దాటిన బిడ్డకు చీము లేకుండా, జ్వరము ఎక్కువ లేకుండా, కొద్దిపాటి నెప్పే ఉంటే పారాసిటమాల్ ఇచ్చి రెండు మూడు రోజులు కనిపెట్టి చూడవచ్చు, చాలావరకు అదే తగ్గుతుంది. కాని అలా కనిపెట్టాలా, మందు వెయ్యాలా అని చెప్పవలసినది చెవిలోకి చూసినవాళ్ళు, మందుల షాపువాడు కాదు. ఆరు నెలల లోపు పసివాళ్ళకైతే ఆగనే కూడదు.

మా సొంత తమ్ముడిది పాత జబ్బు. దానికి సిరప్పు అంత పని చేయదు. చెవిని ఎండబెట్టడమే అసలు వైద్యము, ఆ తరువాత చుక్కల మందు. ఎండబెట్టడము అంటే ఎండలో కూర్చోబెట్టడము కాదు (మా నాన్న అలాగే అనుకున్నాడు). నర్సమ్మ మా చేత చేయించి నేర్పింది. పాత నూలు బట్టను ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, చిన్న ముక్కలు కత్తిరించాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఒక ముక్కను దీపపు వత్తిలాగా పేనాలి, కొన మెత్తగా ఉండాలి. బిడ్డ చెవి డొప్పను మెల్లగా వెనక్కి లాగి వత్తిని చెవి దారిలో పెట్టాలి. తడి పీల్చుకోగానే తీసేసి ఇంకొక వత్తి. తడి రాకుండా పొడి వత్తి వచ్చేదాకా అలా చేయాలి. మొదటి రోజు మా తమ్ముడికి ఎనిమిది వత్తులు పట్టాయి. ఆ తరువాత డాక్టరు రాసిన సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు. రోజుకు మూడుసార్లు, రెండు వారాలు. చుక్కలు వేసే ముందు సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుంటే చల్లదనము పోతుంది, చల్లనివి వేస్తే తల తిరుగుతుంది. తడిసిన వత్తులు పొయ్యిలో వేసేయాలి. అగ్గిపుల్లకు దూది చుట్టి పెట్టకూడదు, పిన్నీసు, హెయిర్‌పిన్ను, కోడి ఈక ఏదీ పెట్టకూడదు. దూది చెవిలో కుక్కి వదిలేయకూడదు, లోపల తడి నిలబడి ఇంకా కుళ్ళుతుంది. స్నానము చేసేటప్పుడు మాత్రము దూదికి వాసెలిన్ రాసి అడ్డము పెట్టి, అయిపోగానే తీసేయాలి. గెడ్డలో మునగడము బంద్. దీనికి మా తమ్ముడు అన్నిటికంటే ఎక్కువ ఏడ్చాడు.

నూనె, ఆకు పసరు, చనుబాలు – ఇవేవీ పోయకూడదని డాక్టరమ్మ గారు చెప్పారు. మా పెద్దవాళ్ళు చెడ్డగా చేశారని నేను రాయడము లేదు. ఆసుపత్రికి పోవాలంటే సగము రోజు నడిచిన కాలములో వాళ్ళ దగ్గరున్నది అదే. నాయనమ్మకు చాలా మందులు తెలుసు, దెబ్బ తగిలితే ఆమె కట్టిన కట్టుతో నాకు తగ్గింది. కాని డప్పుకు రంధ్రము ఉందో లేదో కంటికి కనబడదు. రంధ్రముంటే పోసినదంతా నేరుగా లోపలి గదిలోకి పోతుంది. తడిలో బూజు కూడా పడుతుంది. ఇది బొమ్మ వేసి చూపించాక నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "మరి మీ నాన్నకు కూడా పోశానే" అన్నది. మా నాన్నకు ఒక చెవి వినబడదు. పుట్టుకతో అలాగే అనుకునేవాళ్ళము.

చీము దుర్వాసన వస్తూ, వత్తులు, చుక్కలు వాడినా తగ్గకపోతే చెవి డాక్టరుకు తప్పక చూపించాలి. ఒక్కోసారి డప్పు చర్మము లోపలికి పెరిగి ఆ బుల్లి ఎముకలను తినేస్తుంది. దానికి ఆపరేషను తప్ప దారి లేదు.

మా తమ్ముడికి వినికిడి పరీక్ష చేశారు. మూసిన గదిలో చెవులకు పెట్టి, శబ్దము వినబడితే చెయ్యెత్తమంటారు. ఎడమ చెవిలో బాగా తగ్గింది, కుడి చెవిలోనూ కొంచెము తగ్గింది. అప్పుడు నాకు చాలా సంగతులు అర్థమయ్యాయి. వాడు బడిలో "ఏటి? ఏటి?" అంటాడని, చెప్పినది చేయడని దెబ్బలు తిన్నాడు. మాటలు ఆలస్యముగా వచ్చాయి, ఇప్పటికీ కొన్ని అక్షరాలు పలకడు. "స" అనేది వాడికి వినబడనే లేదేమో, ఎలా పలుకుతాడు? మన ఇంటి మాట ఒకటి, బడిలో పుస్తకము తెలుగు ఇంకొకటి. రెండూ సగము సగము వినబడితే ఏమి నేర్చుకుంటాడు? మేమంతా వాణ్ణి మొద్దు అనుకున్నాము. నేను కూడా. రంధ్రము పూడ్చే ఆపరేషను పెద్దయ్యాక చేయవచ్చట, దానితో వినికిడి చాలావరకు తిరిగి వచ్చే అవకాశముందని చెప్పారు. అంతవరకు చెవి పొడిగా ఉంచాలి, బడిలో ముందు వరసలో కుడి చెవి టీచరు వైపు ఉండేలా కూర్చోబెట్టాలి. నాన్న వెళ్ళి సారుకు చెప్పాడు. సారు కూర్చోబెట్టారు.

ఇప్పుడు పిన్ని కొడుకు ఒళ్ళు సంగతి.

లావుగా ఉన్న బిడ్డ ఆరోగ్యముగా ఉన్నట్టే అని మనము అనుకుంటాము. తప్పు మనది కాదు, మన దగ్గర ఎండిపోయిన పిల్లలే ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో దేశము మొత్తము మీద ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 32 మంది వయసుకు తగ్గ బరువు లేరు. బరువు ఎక్కువైనవారు నూటికి 3.4 మంది మాత్రమే. కాని 2015–16 సర్వేలో అది 2.1. అంటే పెరుగుతోంది.

కంటితో చూసి లావు, సన్నము అని చెప్పకూడదు. వయసుకు బరువు ఒక్కటే చూసినా సరిపోదు. పొడవును, బరువును కలిపి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన పట్టిక అంగన్‌వాడీలో ఉంటుంది, ఇప్పుడు టీచరు సెల్‌ఫోనులో కూడా వేస్తుంది. ఆ పొడవుకు ఉండవలసిన మధ్య గీత కంటే రెండు గీతలు పైకి పోతే బరువు ఎక్కువ, మూడు గీతలు దాటితే స్థూలకాయము. పిన్ని కొడుకు మూడో గీత దాటి ఉన్నాడు. చేతికి చుట్టి చూసే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ టేపు మీరు చూసే ఉంటారు. 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, 12.5 వరకు పసుపు, ఆపైన ఆకుపచ్చ. అది బక్కచిక్కిన పిల్లలను కనిపెట్టడానికే. పిన్ని కొడుకు చేతికి చుడితే ఆకుపచ్చే వస్తుంది, బాగున్నాడనిపిస్తుంది. లావుకు ఆ టేపు పనికిరాదు.

డాక్టరమ్మ గారు పిన్నిని చాలా ప్రశ్నలు అడిగారు. రాత్రి గురక పెడతాడా? నోరు తెరుచుకుని పడుకుంటాడా? ఏమి తాగుతాడు? పాలసీసా ఉందా? గురక ఎందుకు అడిగారంటే, ఒళ్ళు ఎక్కువైనా గురక వస్తుంది, ముక్కు వెనక గడ్డలు పెరిగినా వస్తుంది. ఆ గడ్డలు చెవి గొట్టానికి అడ్డము పడితే చెవిలో తడి నిలుస్తుంది. పాలసీసా సంగతి నాకు ఆశ్చర్యము కలిగించింది. నాలుగేళ్ళవాడు ఇంకా రాత్రిపూట పడుకుని సీసాతో చక్కెర పాలు తాగుతున్నాడు. వెల్లకిలా పడుకుని తాగితే పాలు ఆ అడ్డపు గొట్టములోకి పోవచ్చు. చక్కెర ఒంట్లో కొవ్వవుతుంది. ఒక్క సీసా చెవినీ ఒంటినీ రెండింటినీ పాడు చేస్తుంది. చనుబాలు తాగిన పిల్లలకు చెవి జబ్బులు తక్కువ. ఆరు నెలల వరకు చనుబాలు మాత్రమే, ఆ తరువాత తిండితో పాటు రెండేళ్ళు దాకా ఇవ్వాలని చెప్పేది ఊరికే కాదు.

పిన్ని సన్నగా చెప్పింది, వాడు ఏడిస్తే చిప్స్ పొట్లం, లేకపోతే కూల్‌డ్రింకు, అన్నము తినాలంటే ఎదురుగా సెల్‌ఫోను. అద్దె ఇల్లు, ముందు రోడ్డు, బయటకు వదిలితే బండ్లు. ఎక్కడ ఆడతాడు? ఇది విన్నాక నాకు పిన్ని మీద నవ్వు రాలేదు.

దీనికి మందు లేదు. కడుపు మాడ్చకూడదు. చిన్నబిడ్డకు బరువు తగ్గించమని కాదు, ఇక పెరగకుండా ఆపితే చాలు, పొడవు పెరిగేకొద్దీ సరిపోతుంది అన్నారు. సీసా మానిపించాలి. కూల్‌డ్రింకు, పొట్లాలు ఇంట్లోకే తేకూడదు, ఇంట్లో పెట్టి వద్దంటే ఎవరూ వినరు. ఇంటి తిండి అందరితో కూర్చుని తినాలి – అన్నము, పప్పు, గుడ్డు, ఆకుకూర, చోడి అంబలి, పండు. కడుపు నిండిందంటే ఇంకొక ముద్ద కుక్కకూడదు. మూడు నాలుగేళ్ళ బిడ్డ రోజు మొత్తము మీద కనీసము మూడు గంటలు ఒళ్ళు కదిలించి ఆడాలి, పది నుంచి పదమూడు గంటలు నిద్రపోవాలి, తెర ముందు గంటకు మించకూడదు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. బిడ్డ లావవుతూ పొడవు మాత్రము ఎదగకపోతే థైరాయిడ్ వంటి జబ్బేమో అని రక్తపరీక్ష చేస్తారు. వీడు పొడవుకు బాగానే ఉన్నాడు గనుక అక్కరలేదన్నారు. మా తమ్ముడికేమో దీనికి తిరగబడి చెప్పారు, గుడ్డు, పప్పు, నూనె వేసిన తిండి ఎక్కువసార్లు పెట్టమని. ఒకే రోజు, ఒకే బల్ల ముందు, ఒకే ఇంటి ఇద్దరు పిల్లలకు.

రాకుండా చేయగలిగినవి కూడా ఉన్నాయి. ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిది నెలలకు వేసే న్యుమోకోకల్ టీకా 2021 నుంచి దేశమంతటా ఉచితముగా వేస్తున్నారు. అది న్యుమోనియాకే అనుకుంటాము, ఆ క్రిమే చెవిలో కూడా చీము పట్టిస్తుంది. తట్టు జబ్బు తరువాత చెవి కారడము చాలామందికి మొదలవుతుంది, దాని టీకా తొమ్మిది నెలలకొకటి, పదహారు నెలలు దాటాక ఇంకొకటి. రెండోది మన ఊళ్ళలో మరిచిపోతారు. పొగ కూడా చెడ్డది. మా నాయనమ్మ అడ్డపొగ తాగుతుంది, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని. మనవడిని ఒళ్ళో పెట్టుకునే తాగేది. ఇప్పుడు వాడు వస్తే లేచి పెరట్లోకి పోతుంది. మానలేదు గాని పోతుంది.

మన హాస్టల్ సంగతి రాయకుండా ఉందామనుకున్నాను. రాస్తున్నాను. నాలుగో తరగతిలో ఒక చెల్లి ఉంది. వాసన వస్తుందని ఆమె పక్కన ఎవరూ పడుకోరు. ఆమెకు మనము పెట్టిన పేరు అందరికీ తెలుసు, ఇక్కడ రాయను. ఆ పేరు మొదట పెట్టినవాళ్ళలో నేనొకదాన్ని. గంట కొట్టినా లేవదని, పిలిస్తే పలకదని ఆమెకు పొగరు అనుకున్నాము. సెలవుల నుంచి వచ్చాక నేను ఆమె వెనక నిలబడి చిన్నగా పిలిచాను. తిరగలేదు. గట్టిగా పిలిచాను. తిరిగింది. నాకు ఏడుపొచ్చింది. బాల స్వాస్థ్య వాహనము డాక్టర్లు సంవత్సరానికి ఒకసారి బడికి వస్తారు, వాళ్ళ చీటీలో చెవి కూడా ఉంటుంది. అంతవరకు ఆగవద్దని వార్డెన్ మేడమ్ గారికి చెప్పాను. మేడమ్ గారు సోమవారమే ఆసుపత్రికి తీసుకుపోయారు. చుక్కలు ఇచ్చారు. వత్తులు నేను పెడుతున్నాను, పొద్దున ప్రార్థనకు ముందు, మధ్యాహ్నము భోజనానికి ముందు, రాత్రి స్టడీ అయ్యాక. ఈ రోజుకు తొమ్మిదో రోజు. నిన్న నాలుగు వత్తులు, ఈ రోజు రెండు.

మేడమ్ గారికి ఒక మనవి. చిన్న తరగతుల వాళ్ళు తొట్టి దగ్గర తల ముంచి స్నానము చేస్తారు. చెవి కారేవాళ్ళకు ఒక చెంబు, ఒక బకెట్టు వేరుగా ఇప్పించండి. స్టడీలో ఆ చెల్లిని ముందు వరసకు మార్చండి. ఆమెకు కుడి చెవి కొంచెము నయము.

ఉడకబెట్టిన బట్ట ముక్కలు మూత ఉన్న డబ్బాలో పెట్టాను. డబ్బా రెండో డార్మిటరీలో కిటికీ పక్క మూడో మంచము కింద ఉంది. అది నా మంచమే. మీలో ఎవరికైనా, మీ చెల్లెళ్ళకైనా చెవి కారుతుంటే సిగ్గుపడకుండా రాత్రి స్టడీ అయ్యాక రండి. ముందు మేడమ్‌కు చెప్పి డాక్టరుకు చూపించాకనే చుక్కలు, వత్తులు మాత్రము ఆ రోజు నుంచే మొదలుపెట్టవచ్చు. చేతులు కడుక్కుని రండి. పాత నూలు పంచె ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చి ఇవ్వండి, నా దగ్గరున్నది అయిపోవస్తోంది.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని